మిరియం వెతుకుతోంది

బండ సందులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది ఆమె. నెత్తిమీద పెద్ద రాయి, పక్కన వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన చెట్టు, ముందంతా బురద. కొండచరియ విరిగిపడిన చోటు అది. అక్కడ ఒక కాలిదారి ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు.

కిందెక్కడో కుక్క గొలుసు చప్పుడైంది.

“మిరియం! వెతుకమ్మా, వెతుకు!” అని ఒక పెద్దాయన గొంతు.

ఆమె చెవులు రిక్కించింది. గొంతు ఎప్పుడో పోయింది. పొద్దున్నుంచి అరిచి అరిచి, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా లేవలేదు.

“కొండమీద దారి తప్పితే ఉన్నచోటే కూలబడు. నువ్వు దారి వెతుక్కోకు. నిన్ను వెతికేవాళ్ళని రానియ్యి” అని భర్త ఎన్నిసార్లు చెప్పాడో.

ఆమెకు కొండలంటే హడల్. పెళ్ళికి ముందు మేడమెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకునే మనిషి. అతనికేమో సెలవు దొరికితే చాలు, భుజాన సంచీ, చేతిలో కర్ర. మొదటిసారి బలవంతాన వెంట తీసుకెళ్తే, సగం దారిలో రాయిమీద చతికిలబడి ఇక రానంటే రానని మొండికేసింది.

“అంత పైకెక్కి ఏం చూస్తావట?”

“కింద మన ఇల్లు ఎంత చిన్నగా ఉందో చూస్తా.”

“ఇంట్లో కూర్చుంటే పెద్దగానే కనిపిస్తుందిగా!”

అతను పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసే మిగతా సగం ఎక్కేసింది. శిఖరం మీద ఉన్నంతసేపూ అతని చొక్కా అంచు మాత్రం వదల్లేదు. ఆ తర్వాత ఎన్ని వాగులు దాటించాడని! ఒకసారి వాన తగ్గేదాకా గుహలో ముడుచుకు కూర్చుని, ఒకే రొట్టె చెరిసగం తిన్నారు. పెద్ద ముక్క తనకే వచ్చిందని అతనూ, కాదు తనకే వచ్చిందని ఆమే పోట్లాడుకున్నారు.

పాప పుట్టాక పాత భయాలన్నీ రెట్టింపై వచ్చి కూర్చున్నాయి. ఈసారి కూడా ఆకాశం చూసి గోల పెట్టింది.

“మబ్బు పట్టింది, వద్దు.”

“మనుషులం గానీ ఉప్పు బొమ్మలమా, తడిస్తే కరిగిపోవడానికి?”

అతని నోటికి తాళం వేసేవాళ్ళెవరు?

రవిక తడిసింది. పాపకు పాలిచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది. పిల్లను అత్తయ్య ఒళ్ళో పడేసి, ఇంటి చెప్పులతోనే వచ్చేసింది. అక్కడ అది గుక్కపెట్టి ఏడుస్తూ ఉంటుంది. అత్తయ్య ఏం చెప్పి ఊరుకోబెడుతుందో, ఏమో.

ఆమె కప్పుకున్న శాలువా తీసి పక్కన పెట్టింది. చలి కొరికేస్తోంది. కొరకనీ. పాలవాసనో, చెమటవాసనో, ఏదో ఒకటి కుక్కదాకా పోవాలి.

రాళ్ళ మధ్య నుంచి కుక్క కనిపించింది. చిన్నగా, నల్లగా, పేరుకు తగ్గట్టే ఉంది. తోక కాళ్ళ మధ్య ఇరికించుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది. కూర్చుంది. ముందుకాళ్ళ మీద తల వాల్చేసింది.

“లేవమ్మా. ఇంకొక్కసారి. నా తల్లివి కదూ!” పెద్దాయన బతిమాలుతున్నాడు.

“వదిలెయ్యండి బాబాయ్. ఇక దాని వల్ల కాదు” అని ఇంకెవరో అన్నారు.

“నోరు ముయ్యరా! దాని చెవిన పడుతుంది.”

ఆమె ప్రాణం ఉసూరుమంది. కుక్క వెనక్కి తిరిగితే ఇక అంతే. ఈ కొండమీద చీకటి త్వరగా దిగుతుంది. ‘రావే తల్లీ, ఇక్కడే ఉన్నానే, రావే’ అని లోలోపలే వెయ్యి దండాలు పెట్టుకుంది.

గాలి తిరిగింది.

కుక్క తల ఎత్తింది. ముక్కు అదిరింది. లేచి బురదలో దిగబడుతూ, రాళ్ళమీద జారుతూ, నేరుగా బండ దగ్గరికి వచ్చింది. సందులోకి తల దూర్చి ఆమె చెంపకు ముక్కు ఆనించింది.

అంతే, ఆగిపోయింది. మంచుగడ్డలా ఉందా చెంప. కుక్క చెవులు వాల్చి మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆమె బెంబేలెత్తిపోయింది. రెండు చేతులతో దాని మూతి పట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, దాని ముక్కుమీద వెచ్చగా ఊదింది.

కుక్క కళ్ళార్పి చూసింది. మరుక్షణం కొండంతా మారుమోగేలా మొరిగింది. తోక ఊపింది, గెంతింది, ఆమె ముఖమంతా నాకి పెట్టింది.

“ఉంది! బతికుంది!” పెద్దాయన పరుగున వచ్చాడు. వెనకే గాలింపు దళం వాళ్ళంతా వచ్చి చప్పట్లు, ఈలలు. ఆయన కుక్కను ఎత్తుకుని చంటిపిల్లను ముద్దాడినట్టు ముద్దాడాడు. “నా బంగారమే! నువ్వు కాక ఎవరు కనిపెడతారే!”

కింద గుడారాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెవైపు తిరిగి చేతులు జోడించారు.

ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది. పెద్దాయన పక్కన కూలబడి, భుజం తట్టి, గొంతు తగ్గించాడు.

“ఏడవకు తల్లీ. అది నిన్నే చూస్తోంది. దానికోసం ఒక్కసారి నవ్వమ్మా.”

ఆమె పెదవి కొరుక్కుని, కుక్క తల నిమురుతూ నవ్వింది.

పొద్దున ఆమె భర్త శవాన్ని పట్టిచ్చాక దిగులుతో అడుగు ముందుకు వెయ్యనన్న ఆ కుక్కకు, బతికున్న మనిషి ఒక్కరైనా దొరికితేనే మట్టికింద చిక్కుకున్న మిగతావాళ్ళ కోసం మళ్ళీ వెతుకుతుందని పెద్దాయన చెప్పినప్పుడు, “నేను దాక్కుంటాను” అని అందరికంటే ముందు లేచింది ఆమే.