పరీక్షకు పెట్టిన లోపం

"మిల్లింగ్ మెషిన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. ఎందుకో కనిపెట్టండి, సరిచేయండి, నడిపి చూపించండి. నేను ఎదురు గదిలో ఉంటాను," అంది ఉద్యోగానికి పరీక్ష పెట్టే మేడమ్, హాలు తలుపు తెరిచి.

"ఏం లోపం పెట్టారో చిన్న సూచన ఏమైనా..." అన్నాడు ఎలక్ట్రీషియన్, లేని నవ్వు తెచ్చిపెట్టుకుని.

"మెషిన్నే అడగండి, చెబుతుంది," అని ఆవిడ చక్కా వెళ్లిపోయింది. ఆ ఎదురు గదిలో ఇంకొందరు అభ్యర్థులు ఆవిడ ప్రశ్నల కోసం కూర్చుని ఉన్నారు.

హాల్లో కవల పిల్లల్లా రెండు మెషిన్లున్నాయి. ఒకటి పచ్చ దీపం వెలిగించుకుని బుద్ధిగా నిలబడి ఉంది. రెండోదానికి ఎర్ర దీపం, మీద సగం జారిన గుడ్డ. జబ్బు దేనికో చెప్పడానికి పెద్ద వైద్యుడు అక్కర్లేదు. అతను తన సంచీ తీసుకెళ్లి ఎర్ర దీపం పక్కన దించాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. అసలు కష్టం ఆ తర్వాతే. పాత ఉద్యోగంలో అతను ప్యానెల్లో చెయ్యి పెట్టి ఉండగా ఎవరో చూసుకోకుండా కరెంటు ఇచ్చారు. కుడి చెయ్యి మోచేతిదాకా కాలింది. గాయం మానింది గానీ భయం మానలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా భార్యే స్టూలెక్కుతోంది. తనకు వచ్చిన విద్య ఇదొక్కటే. ఇవాళ కూడా చేతులెత్తేస్తే, ఇక ఆ విద్య కూడా లేదని ఒప్పుకోవాల్సిందే.

"చెయ్యి వణికితే?" అని అడిగాడు పొద్దున బయల్దేరేటప్పుడు.

"వణకనివ్వండి. పరీక్ష బుర్రకు గానీ చేతికా?" అంది భార్య. అని ఊరుకోకుండా వెంటవచ్చి, బయట బెంచీ మీద కూర్చుంది.

ముందు మెషిన్ ఆన్ చేసి నడిపి చూశాడు. చెక్కాల్సిన ఇనుప ముక్కను మోసే బల్ల ఎడమకు వెళ్లింది, మధ్యకు వచ్చింది. కుడి చివరికి చేరిందో లేదో, తెర నల్లబడి మొత్తం చచ్చి ఊరుకుంది.

మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేశాడు. తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. మళ్లీ తడిమి చూసుకున్నాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని మీటరు పెట్టాడు. కరెంటు లేదు. అయినా చెయ్యి నమ్మదే! కాసేపు దాన్ని బతిమాలుకుని, ప్యానెల్ తెరిచాడు.

లోపలంతా దుమ్ము. 'ఓరి దేవుడా, దుమ్ము కూడా చల్లించిందా! ఎంత పకడ్బందీ మనిషి!' అనుకున్నాడు. ఆ ఆశ్చర్యంలో భయం కాస్త వెనక్కి తగ్గింది.

కంట్రోల్ లైన్ బ్రేకర్ పడిపోయి ఉంది. అంటే ఏదో వైరు మెషిన్ ఒంటికి తగులుతోంది. బల్ల కుడి చివరే ఆగింది కాబట్టి ఇప్పటికీ తగులుతూనే ఉండాలి. వైర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ మీటరు పెట్టి చూశాడు. మీటరు కీచుమంటూనే ఉంది. బల్ల చివర ఉండి దాన్ని హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్ వైరు తీయగానే నోరు మూసుకుంది.

"దొరికావురా!" అన్నాడు పైకే.

బల్లతోపాటు కదిలే వైర్ల తొడుగు విప్పాడు. అంచుకు రాసుకుని రాసుకుని వైరు పైపొర అరిగింది. లోపలి రాగి బయటపడి, మెషిన్‌ను చల్లబరిచే కూలెంటు నీళ్లతో తడిసి ఉంది. బల్ల ఆ చివరికి వెళ్లి వైరు బిగిసినప్పుడల్లా ఆ రాగి ఇనుముకు తగులుతోంది. 'ఆకురాయి పెట్టి రుద్దారా ఏమిటి, ఇంత సహజంగా!' అని మనసులోనే మేడమ్‌కు దణ్ణం పెట్టాడు. అదే కట్టలో వాడకుండా వదిలేసిన వైరు ఒకటుంటే దాన్ని కలిపి, మళ్లీ రాసుకోకుండా అంచుకు తొడుగు వేశాడు. పడిపోయిన బ్రేకర్ పైకెత్తి, అన్నీ మూసి, తాళం తీసి, కళ్లు గట్టిగా మూసుకుని స్విచ్ వేశాడు.

మేడమ్ వచ్చేసరికి బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి హాయిగా తిరుగుతోంది. ఆవిడ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. తప్పేం చేశానా అని అతను కంగారుపడ్డాడు.

"తాళం ముందే వేశాను మేడమ్. కరెంటు లేదని చూసుకున్నాకే తెరిచాను."

ఆవిడ దగ్గరికి వచ్చింది. "లోపం ఎక్కడ?"

అరిగినచోట కత్తిరించి తీసిన వైరు ముక్క అందించాడు. ఆవిడ దాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది. "దీన్ని ఎలా పట్టుకున్నారు?"

చెప్పాడు. ఆవిడ పచ్చ దీపం మెషిన్ వైపు ఒకసారి చూసింది. అతనే మళ్లీ అన్నాడు: "చాలా లోతుగా దాచారు మేడమ్. ఆ దుమ్ము, ఆ అరుగుదల... నిజం లోపమే అనుకుంటారు ఎవరైనా!"

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఇంకా సన్నగా వణుకుతున్న అతని చేతిని చూసి ఆగిపోయింది.

"ఇంకోసారి నడపండి," అంది.

నడిపాడు. మెషిన్ ఆగలేదు.

"ఎప్పటి నుంచి పనిలోకి రాగలరు?"

అతను తలూపి, సంచీ అందుకుని బయటపడ్డాడు. బెంచీ మీదున్న భార్య అతని మొహం చూసి లేచి నిలబడింది.

"ఏడుస్తున్నారేమిటి? పోయిందా?"

"వచ్చింది."

"మరి చెయ్యి?"

"చివరిదాకా వణుకుతూనే ఉంది, దొంగముండ!" అంటూ కళ్లు తుడుచుకుని నవ్వేశాడు. "ఆ మేడమ్ మహా గడుసుది. అలాంటి లోపం పెట్టాలంటే ఎంత బుర్ర ఉండాలి!"

ఆవిడ పెట్టిన లోపం ఇంకా పచ్చ దీపం మెషిన్‌లోనే ఉంది.