మోగని గేరు లివరు

జీపు గేరు లివరు మోగడం మానేసింది. దేవరాజులు అనుమానం అక్కడ మొదలైంది.

ఎమర్జెన్సీ ఏడాది మిలిటరీ వేలంలో కొన్న పాత జీపు అది. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి చెరకు తోటల బురదలో కూడా ఆగకుండా పోతుంది. లివరు కింద కప్పు అరిగిపోయి రెండేళ్ళుగా గడగడా మోగేది, చెంబులో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. బండి కనకమ్మ సత్రం మలుపు దగ్గరుండగానే ఇంటికి వినపడేది. బాగు చేయిద్దామని డ్రైవరు నటరాజ్ ఎన్నిసార్లు అడిగినా, "మోగితే మోగనీలేరా, బండి పోతా ఉండాది గదా" అని దేవరాజులే కొట్టిపారేసేవాడు.

అలాంటిది, ఈ అరవ ఆడి నెలలో ఆ మోత లేదు. చెడిపోయిన వస్తువు దానంతటదే బాగుపడుతుందా? ఎవరిదో చెయ్యి పడాలి.

ఆ చెయ్యి ఎవరిదో, ఎందుకు పడిందో ఊహించడానికి దేవరాజులుకు ఎక్కువసేపు పట్టలేదు. ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి కొండ గుడికి కావళ్ళు మోసుకుపోయే జనం బస్సులు చాలక రోడ్డు మీదే నిలబడి ఉంటారు. నటరాజ్ తనకు తెలియకుండా వాళ్ళను ఎక్కించుకుంటున్నాడు. మోత ఉంటే బండి కదిలినప్పుడల్లా ఇంటికి తెలిసిపోతుంది కదా. అందుకే దొంగచాటుగా లివరు బాగు చేయించాడు. ఇప్పుడు జీపు గుమ్మం ముందుకు వచ్చి నిలబడేదాకా తెలియడమే లేదు.

ఇంట్లోవాళ్ళు కూడా వాడి పక్షమే. భార్య అలిమేలమ్మ పెరట్లో నటరాజ్‌తో ఏం మాట్లాడినా గుసగుసలే. అదే తన దగ్గరికి వస్తే కసురుతుంది. కట్టుకున్న మొగుడంటే బొత్తిగా లెక్క లేకుండా పోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి ఎలా ఉన్నా, దేవరాజులు మాత్రం పట్టి తీరాలనుకున్నాడు.

పొద్దున్నే నటరాజ్‌ను పిలిచాడు. లివరు ఊసెత్తలేదు. ఆధారం ముందే చూపిస్తే దొంగ జాగ్రత్తపడతాడు.

"ఏరా, నాకు తెలీకుండా బండిని యాడికి తీసకపోతా ఉండావు?"

నటరాజ్ బిత్తరపోయాడు. "యాడికీ లేదయ్యా."

"నిజం ఒప్పుకుంటే మునుపట్లాగే ఇంట్లో మనిషిగా ఉంటావు. లేదంటే సావి ఇచ్చేసి పో."

నటరాజ్ జేబులోంచి జీపు తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "పొమ్మంటే పోతానయ్యా. పదేండ్లు మీ ఉప్పు తిన్నా. చెయ్యని దొంగతనం మాత్రం నెత్తిన ఎత్తుకోను."

దేవరాజులుకు ఒక్క క్షణం జాలి వేసింది. ఆ వెంటనే అనుమానం రెండింతలైంది. మరీ ఇంత రోషం నటిస్తున్నాడంటే లోపల పెద్ద సంగతే ఉంది.

"తిరుత్తణికి పోదాం పా. మెకానిక్కు తంగరాజు షెడ్డులో తేలిపోతాది" అని తాళం వాడి చేతికి విసిరాడు.

దారిలో కనకమ్మ సత్రం జంక్షనులో అంగళ్ళ ముందున్న జనమంతా జీపు వైపు తిరిగి చూశారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. వీళ్ళంతా వాడి గిరాకీలేనని దేవరాజులుకు ఒళ్ళు మండింది.

తంగరాజు ఈ జీపుకు మొదటినుంచీ మెకానిక్కు. షెడ్డు ముందు ఆగాక, దేవరాజులు ఇంజను ఆపనివ్వలేదు. అది నడుస్తుండగానే, బండిలో కూర్చునే లివరు చూపించాడు.

"తంగరాజూ, ఇది ఎట్ల మోగేదో నీకు తెల్సు. ఇప్పుడు సద్దే లేదు. నువ్వే గదా బాగు చేసినావు? ఈ నటరాజ్ బండిని ఎప్పుడు తెచ్చినాడు?"

తంగరాజు లివరు గుండు మీద అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమాడు. తీశాడు. మళ్ళీ అదిమి, మళ్ళీ తీశాడు. కళ్ళు మాత్రం లివరు మీద లేవు. దేవరాజులు మొహం మీదే ఉన్నాయి.

"నా మొహంలో ఏముండాదిరా? అడిగినదానికి చెప్పు."

తంగరాజు నటరాజ్ వైపు చూశాడు. వాడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ సైగ దేవరాజులు కంట పడనే పడింది. ఇంకేం కావాలి? దొంగలిద్దరూ ఒకటే.

నటరాజ్ ఇంజను ఆపాడు. దిగి ఇటువైపు తిరిగి వచ్చి, దేవరాజులు ఎదురుగా నిలబడ్డాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు.

"నేనే చేయించినానయ్యా," అన్నాడు గట్టిగా. "వేరే షెడ్డులో. మీకు తెలీకుండా బండి తోలింది కూడా నిజమే. తంగరాజన్నకేమీ తెలీదు. దొంగను నేనే."

దేవరాజులు గుండె తేలికపడింది. తన లెక్క తప్పలేదు. వాడి మీద మళ్ళీ ప్రేమ పుట్టుకొచ్చింది.

"పొద్దున్నే చెప్పుంటే ఇంత దూరం వచ్చే పని లేదు గదరా. సరి, పోనీ. ఇంకోసారి ఇట్ల చెయ్యొద్దు. ఎక్కు, ఇంటికి పోదాం." తర్వాత తంగరాజు వైపు తిరిగి, "నన్ను మోసం చెయ్యాలంటే ఎవురి తరమూ గాదు" అన్నాడు.

నటరాజ్ కళ్ళు తుడుచుకుని బండి తీశాడు. పక్క సీట్లో దేవరాజులు నిశ్చింతగా వెనక్కి వాలాడు. ఎప్పటిలాగే మోగుతున్న లివరు గడగడకు, ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా చెవులు మూసుకున్నారు.