కణతల మీది సాక్ష్యం

“ఇది మందు కాదు సార్. మొహానికి రాసుకునే క్రీముకు అక్కగారు. మైనం, సెంటు, అంతే,” అన్నాడు పన్నుల శాఖ లాయరు, చిన్న రేకు డబ్బా ఒకటి ట్రిబ్యునల్ బెంచి మీది పెద్దాయనకు చూపిస్తూ. “సింగారం సామానుకు ఎంత పన్నో దీనికీ అంతే పన్ను.”

వెనక వరసలో కూర్చున్న బామ్ కార్ఖానా యజమానురాలు ముందుకు వంగి వింటోంది. మందుకు పన్ను తక్కువ. సింగారం సామాను అని ట్రిబ్యునల్ తేల్చేస్తే గడిచిన ఏళ్లన్నిటికీ తేడా కట్టాలి. కట్టాక ఇక కార్ఖానా పొయ్యి వెలిగించే పని ఉండదు.

అయినా ఆవిడ చూపు డబ్బా మీద లేదు. ఆ లాయరు కణతల మీదుంది. అవి నిగనిగా మెరుస్తున్నాయి.

ఇందాక వరండా బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నది ఇతనే.

“తలనొప్పా తమ్ముడూ?” అని అప్పుడు ఆవిడే పలకరించింది.

“కళ్లు తెరవలేకపోతున్నానక్కా. లోపల కేసుంది.”

పొద్దున బయల్దేరే హడావిడిలో, దుకాణం ముందున్న అద్దాల బీరువాలోంచి తీసి సంచిలో పడేసుకున్న డబ్బా మూత తీసి అతని చేతికిచ్చింది. “నుదుటికి కాదు, కణతలకి రాయి. కాసేపు మాట్లాడకు.”

అతను కళ్లు మూసుకునే రాసుకుని డబ్బా తిరిగిచ్చేశాడు. కాసేపటికి, “ప్రాణం లేచొచ్చిందక్కా,” అని లేచి వెళ్లాడు. ఎవరి తరఫు లాయరో ఆవిడ అడగలేదు. ఏం మందో అతనూ అడగలేదు.

హాల్లో ఇప్పుడు ఆవిడ మేనల్లుడు వాదిస్తున్నాడు. ఆవిడ లాయరు అతనే.

“పైకోర్టు ఈమధ్యే చెప్పింది సార్. ఒక వస్తువు ఏమిటన్నది అందులో ఏం కలిపారన్నదాన్ని బట్టి కాదు, వాడే మనిషి దేనికి వాడుతున్నాడన్నదాన్ని బట్టి తేల్చాలని.”

“తేల్చేద్దాం,” అన్నాడు శాఖ లాయరు తాపీగా. “దీనితో నొప్పి తగ్గిందని చెప్పే మనిషిని ఒక్కణ్ణి చూపించమనండి. వాళ్ల చుట్టాలు కాకుండా.”

మేనల్లుడు కాగితాలు తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు.

“చూపిస్తానయ్యా,” అంటూ ఆవిడ లేచి నిలబడింది.

“అత్తయ్యా, నువ్వు కూర్చో. ఇక్కడ అలా మాట్లాడకూడదు,” గొణిగాడు మేనల్లుడు.

“మాట్లాడనివ్వండి,” అన్నాడు పెద్దాయన. “పొద్దుటి నుంచీ లాయర్లనే వింటున్నాను.”

ఆవిడ శాఖ లాయరు వైపు తిరిగింది. “తలనొప్పి ఎలా ఉంది తమ్ముడూ?”

అతను గొంతు పోల్చుకున్నాడు. చెయ్యి దానంతటదే కణత మీదికి వెళ్లింది. ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి పైకెత్తింది. అతని చేతిలోని డబ్బా, ఆవిడ చేతిలోని డబ్బా ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

“అడిగినదానికి చెప్పండి,” అన్నాడు పెద్దాయన. “నాకూ వినాలనుంది.”

లేదనొచ్చు. చూసినవాళ్లు లేరు. అతను నవ్వేశాడు.

“తగ్గింది సార్. పూర్తిగా. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.”

“తవ్వుకునే ఓపిక వచ్చిందంటే మందు బాగానే పనిచేసింది,” అని పెద్దాయన స్టెనో వైపు తిరిగాడు. “రాసుకోండమ్మా. ఇది మందే. అప్పీలు గెలిచింది.”

మెట్ల దగ్గర శాఖ లాయరు ఆవిణ్ణి అందుకున్నాడు.

“అక్కా, ఆ డబ్బా ఇచ్చేయండి. ఎన్ని మాత్రలు మింగినా పోని నొప్పి ఇది. ఎంతివ్వమంటారు?”

“కోర్టులో నిజం చెప్పినవాడివి, నీ దగ్గర డబ్బులేంటి? ఉంచుకో.”

అతను డబ్బాను భద్రంగా కోటు జేబులో వేసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

హాల్లో నోరు నొక్కి ఉంచిన ఫోను ఆవిడ అప్పుడు బయటికి తీసింది. అన్నీ తోటికోడలు చేసిన కాల్సే. కార్ఖానాలో బామ్ కలిపి డబ్బాల్లో నింపే పని ఆ పిల్లదే.

“గెలిచాం చెల్లీ. మందేనని ఒప్పుకున్నారు.”

“బతికాం అక్కా,” అంది తోటికోడలు. “అవునూ, అద్దాల బీరువాలో డబ్బా నువ్వే పట్టుకెళ్లావా?”

“ఆఁ. దాని పుణ్యమే ఇదంతా. ఏం?”

“అది ఎవరికీ ఇవ్వకు. అక్కడ ఎండకి మందు పాడైపోతోందని మొన్నటి నుంచి బీరువాలో చూపుకి పెట్టేవాటికి మందు కలపడం మానేశాను. అందులో ఉన్నది ఒట్టి మైనం, సెంటు.”