కేకు మీద ఆంక్షలు

శనివారం సాయంత్రం క్లబ్‌హౌస్ వరండాలో లరీసా టేబుల్ వేసింది. తెల్ల గుడ్డ పరిచి తేనె కేకులు వరసగా పేర్చింది. మామూలుగా అయితే ఈపాటికి ఆ టేబుల్ చుట్టూ తోపులాటే. తెల్లాపూర్‌లోని ఆ గేటెడ్ కమ్యూనిటీలో ఆ కేకు రుచి చూడని ఇల్లు లేదు.

ఇవాళ ఒక్కరూ రాలేదు.

స్విమ్మింగ్ పూల్ అవతల బెంచీ మీద కూర్చుని ప్రశాంతి చూస్తోంది. ఇది తన నిర్వాకమే. నిన్న ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో తనే రాసింది.

“ఖార్కివ్ మీద బాంబులు పడుతున్నయ్. చంటిపిల్లలను ఎత్తుకొని మెట్రో స్టేషన్లల్ల దాక్కుంటున్నరు. రష్యా మీద ఎన్నో దేశాలు ఆంక్షలు పెట్టినయ్. మనకు చేతనైంది మనం కూడా చేద్దాం. లరీసా దగ్గర ఎవరం ఏం కొనొద్దు.”

గ్రూపంతా బొటనవేళ్లు లేపింది.

లరీసా బాలు భార్య. బాలుది రాజమండ్రి. వాళ్లిక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె ఫోన్లో రష్యన్‌లా ఏదో మాట్లాడటం విని ఎవరో ‘రష్యా కోడలు’ అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది.

ప్రశాంతి ఉద్యోగం కూడా ఆంక్షలతోనే. కోకాపేటలో ఒక విదేశీ బ్యాంకుకు పని చేసిపెట్టే ఆఫీసు ఆమెది. ఎవరైనా డబ్బు పంపేటప్పుడు ఆ పేరు ఆంక్షల జాబితాలో పేరుతో కలిస్తే తెర మీద ఎర్రగా వెలుగుతుంది. వెంటనే ఆపెయ్యాలి. ఆ మనిషి నిజంగా ఎవరో కనుక్కోవడం ఇంకో టీమ్ పని. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆఫీసులో తెర నిండా ఎరుపే. ఇంటికొస్తే టీవీ నిండా మంటలే. చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోతున్నానని తన మీద తనకే కోపం వచ్చేది.

“దేశమేమో వాళ్ల చమురు కొంటున్నది. నువ్వు కేకు బంద్ పెట్టినవా?” అని భర్త నితీష్ నవ్వాడు.

“ఎవరికి చేతనైంది వాళ్లు చేస్తరు. నీకేంది?” అని కసిరింది.

ఆ కసురు ఇప్పుడు లేదు. ఖాళీ వరండాలో ఒక్కతే నిలబడ్డ ఆ మనిషిని చూస్తుంటే ఎక్కడో కలుక్కుమంటోంది.

లరీసా ఎవరికో ఫోన్ చేసింది. చాలాసేపు తలూపుతూ వింది. ఉన్నట్టుండి కేకుల మీద గుడ్డ కప్పి, అన్నీ గబగబా సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

‘సంగతి చేరింది’ అనుకుంది ప్రశాంతి. సంతోషం కలగాలి. కానీ ఎవరి నోట్లోనో మట్టి కొట్టినట్టు అనిపించింది.

మరునాడు లిఫ్టులో ఎదురైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ప్రశాంతి ఎక్కగానే లరీసా మూలకు జరిగి, చున్నీ అంచు కూడా తగలకుండా ఒదిగి నిలబడింది. ప్రశాంతికి సిగ్గేసింది. ఫోన్లోకి తల దూర్చింది. యుద్ధం ఈమె చేస్తోందా? ఈమె చెబితే ఆగుతుందా? అక్కడ ట్యాంకులు కదులుతూనే ఉన్నాయి. ఇక్కడ ఒక ఆడమనిషి మూలన నక్కింది.

“బాలు సారు అత్తగారి దిక్కు పోయిండు మేడం. అమ్మ ఒక్కతే ఉన్నది,” అని గేటు దగ్గర వాచ్‌మన్ ఐలయ్య చెప్పాడు.

“గిసొంటి టైముల అక్కడికి పోతరా ఎవరన్న?” అని పక్క ఫ్లాట్ కృష్ణప్రియ మూతి తిప్పింది.

తర్వాతి శనివారం వరండాలో టేబుల్ లేదు. ‘ఇగ చాలు, ఆపేద్దాం’ అని ప్రశాంతి గ్రూపులో రాసింది, పంపకుండానే చెరిపేసింది. మళ్లీ రాసింది, మళ్లీ చెరిపేసింది. మొదలుపెట్టింది తనే, ఇప్పుడు తనే వద్దంటే నలుగురూ ఏమనుకుంటారు? ఈ పిరికితనం చూసుకుంటే ఇంకా సిగ్గేసింది. ఎవరూ లేనప్పుడు వెళ్లి ఆమె కాళ్లయినా పట్టుకుందామని నిర్ణయించుకుంది. అదీ రేపు, ఎల్లుండి అని జరుపుతూ వచ్చింది.

ఒక సాయంత్రం బెల్ మోగింది. తలుపు తీస్తే లరీసా. చేతిలో కేకు డబ్బా.

ప్రశాంతి లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయింది.

“మీ దగ్గరికే ముందు వచ్చానండీ,” అంది లరీసా. అత్తగారు రత్నమాల దగ్గర నేర్చుకున్న తెలుగు. “నా దగ్గర ఎవరూ ఏమీ కొనొద్దని అందరికీ చెప్పింది మీరేనటగా? పనికొచ్చే సాయమ్మ చెప్పింది.”

తల కొట్టేసినట్టయింది ప్రశాంతికి. ఎన్ని తిట్టినా పడటానికి సిద్ధపడింది.

“తప్పయింది లరీసా. పెద్ద తప్పు చేసిన. నిన్ను ఎట్ల చూడాల్నో తెల్వక...”

లరీసా ఆమె చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, మీ తప్పేంటండీ? తప్పు నాది. చేతులు ఊరికే ఉంచలేక ఆ రోజు టేబుల్ వేసేశాను. పద్ధతి తెలీదు కదా. ఎవరూ రాకపోతే అత్తయ్యగారికి ఫోన్ చేశాను. ‘మైల ఇంటి తిండి ఎవరూ ముట్టుకోరమ్మా, తప్పుగా అనుకోకు. నువ్వూ పెద్దకర్మ దాకా ఎవర్నీ తాకకు’ అన్నారు. నిన్నటితో అయిపోయిందండీ. ఇక తినొచ్చు.”

డబ్బా ప్రశాంతి చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

“మైలనా?” అంది ప్రశాంతి.

“మా ఖార్కివ్‌లో ఇంటి మీద బాంబు పడి నాన్న పోయారని ఆ రోజు పొద్దున్నే ఫోనొచ్చింది, నేనిక్కడ ఎవరికీ చెప్పనే లేదు, మరి మీ అందరికీ ఎలా తెలిసిందండీ?”