నీడలా పడే ఎరుపు

"రంగులు రాని కెమెరా ఒకటుందట కదమ్మా, చూపిస్తావా?" అన్నాడు ముసలాయన.

కౌంటర్లో ఉన్న ఆమె తలెత్తకుండానే అద్దాల బీరువా తెరిచింది. ఎనిమిది నెలల క్రితం బస్సు ప్రమాదంలో భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమెకి ఏ కెమెరా అయినా ఒకటే, ఏ మనిషైనా ఒకటే.

"రేంజ్‌ఫైండరండీ, రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేసే రకం. డిజిటలే, కానీ నలుపూ తెలుపూ తప్ప ఇంకేం రాదు. రంగుల దానికంటే ధర ఎక్కువ."

వెనక నుంచి ఓనరు నవ్వాడు. "డబ్బులిచ్చి మరీ పస్తులుంటారా పెద్దాయనా! రంగులది తీసుకోండి. బటన్ నొక్కితే అదీ నలుపు తెలుపులో తీస్తుంది."

"ఆ బటన్ ఇంకెవరైనా వెనక్కి నొక్కితే రంగులొచ్చేస్తాయిగా బాబూ. దీంతో ఆ భయం లేదు."

"రంగులంటే భయమేంటండీ?"

"ఎరుపు ఇందులో నీడలా పడుతుంది. చూసేవాళ్ళకి కాస్త తేలిక."

ఓనరుకి అర్థం కాలేదు. ఆమె అర్థం చేసుకోవాలనుకోలేదు.

ముసలాయన సంచిలోంచి పాత కెమెరా తీశాడు. అదీ నలుపు తెలుపు డిజిటల్‌దే.

"రెంటితోనూ నిన్నొక ఫోటో తీసి చూస్తానమ్మా. ముందు పాపిడి సర్దుకో."

"టెస్టింగేగా."

"జుట్టు చెదిరి ఉంటే ఎవర్నీ తీయను తల్లీ. అలవాటైపోయింది."

వేళ్ళతో జుట్టు వెనక్కి తోసుకుంది. కెమెరా కిటికీలో ఆమె బొమ్మ రెండుగా కనిపిస్తుంటే, చక్రం తిప్పి రెంటినీ రెప్పపాటులో ఒకటి చేశాడాయన. క్లిక్కుమన్న చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు.

రెండు ఫోటోలనీ షాపు తెర మీద పక్కపక్కన పెట్టింది. పాత కెమెరా తీసినదాంట్లో కుడి అంచున పైనుంచి కిందదాకా వెంట్రుకంత తెల్లగీత.

"రెండేళ్ళుగా దీనికా జబ్బు. ఇప్పుడు మొరాయిస్తోంది కూడా. రేపు డబ్బు తెస్తాను, కొత్తది ఎవరికీ ఇవ్వకమ్మా. అది లేకపోతే నా పని సాగదు."

"అలాగేనండీ" అంది.

సాయంత్రం ఇంకెవరో వచ్చి అదే కావాలన్నాడు. బీరువాలో ఉన్నది ఒక్కటే. ముసలాయనకిచ్చిన మాట గుర్తుంది. ఎవరికైతే ఏంటి అనుకుని బిల్లు రాసేసింది.

మర్నాడు షాపు తెరిచేసరికే ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"అమ్ముడుపోయిందండీ."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"రాదు. ఆ మోడల్ ఆపేశారు."

ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"పాతది నిన్ననే పూర్తిగా కన్ను మూసింది తల్లీ. పోనీలే, ఇక ఆఫీసువాళ్ళ రంగుల కెమెరాతోనే తీస్తాను. చూసేవాళ్ళే గుండె చిక్కబట్టుకోవాలి."

"ఏ ఆఫీసండీ?" మాటవరసకి అడిగింది.

"పెద్దాసుపత్రి" అని మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తుంటే ఆ మాట అప్పుడు తగిలింది ఆమెకి.

ఎనిమిది నెలల క్రితం అదే ఆసుపత్రిలో, మార్చురీ కిటికీలోంచి ఫోటో అందించి "ఇతనేనా?" అని అడిగారు. నలుపు తెలుపు ఫోటో. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. లోపలికెళ్ళి చూడొద్దని బావగారు పట్టుకుని ఆపేశారు. మొహం మీద చిన్న దెబ్బ కూడా లేదని అందరికీ చెప్పుకుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికింది. ఫోటో పర్సులోనే ఉంది.

తీసి చూసింది.

కుడి అంచున వెంట్రుకంత తెల్లగీత. పర్సులో నలిగి పడిందనుకుంది ఇన్నాళ్ళూ.

కణత మీద నల్లటి నీడ.

రేపు అదే కిటికీలోంచి ఇంకెవరి చేతికో రంగుల ఫోటో ఇస్తారు.

అన్నం చల్లారిపోయింది. ఆమె ఫోటోనే చూస్తూ కూర్చుంది.

పెళ్ళయిన ఆరేళ్ళలో ఒక్కనాడూ దువ్వెన ముట్టని మనిషికి, చివరి ఫోటోలో పాపిడి తీసి అంత నున్నగా తల దువ్విందెవరో ఆమెకి ఇప్పుడు తెలిసింది.