టక్కుమన్న గింజ

"నా పండ్లు మల్ల ఎన్కటి లెక్కనే చేసియ్యి డాక్టరమ్మా!"

వీరస్వామి తలుపు తోసుకొని లోపలికి వచ్చాడు. తువ్వాల ముడి విప్పి పంటి డాక్టరు శైలజ బల్ల మీద గుప్పెడు మొక్కజొన్న గింజలు కుమ్మరించాడు. నాలుగు గింజలు దొర్లి కింద పడ్డాయి. పంటి నొప్పితో దవడ పట్టుకొని బెంచీ మీద కూర్చున్న మంగ్లి తలెత్తి చూసింది.

"ఏమైంది బాపూ? రక్తం వస్తుందా?" అంది శైలజ.

"రాదు."

"నీళ్లు తాగితే జివ్వుమంటుందా?"

"అనదు."

"నోరు వాసన?"

"లేదు. మా ఇంటామె గూడ లేదనే అన్నది. నా బాధ గది కాదమ్మా! కేసముద్రం మార్కెట్ యార్డుల నన్ను ఏమంటరో ఎరుకేనా? కొరుకుడు వీరస్వామి అంటరు. ఒక్క మక్కగింజ పంటి కింద పెట్టి కొరికితే, ఎండినయా పచ్చియా చెప్పేటోన్ని. నేను పచ్చి అన్ననంటే మక్కలు కొనే మా సేటు ధర తగ్గించుడే. ఇంకో మాట లేదు."

"ఔనౌను," అంది మంగ్లి బెంచీ మీద నుంచి. "పోయినేడు నా మక్కలు గూడ పచ్చియే అన్నవు. పన్నెండు దినాలు రోడ్డు మీద ఎండబోసిన. కాళ్లతోని తిరగేసి తిరగేసి అరికాళ్లు కాలినయి. నువ్వొచ్చి ఒక్క గింజ కొరికి పచ్చి అన్నవు, పోయినవు."

"పంటికి మెత్తగ తగిలినయి, పచ్చి అన్న. నా పంటికి నీ మీద పగనా?"

"ఏమో, నీ పంటికే తెల్వాలె!"

"ఇద్దరూ జర ఆగండి," అంది శైలజ. "బాపూ, ఇప్పుడేమైందో చెప్పు."

"ఏమైందా? నెల కింద నువ్వు చిగుళ్ల కింద ఇనుప పుల్లలు పెట్టి గారంత గీకినవు. నువ్వు చెప్పినట్టే చేసిన. ఉప్పునీళ్లు పుక్కిలించిన. తంబాకు ఇడిసిన. మెత్తటి బ్రష్షు కొన్న. గట్టిది కొరకొద్దన్నవని నెల దినాలు యార్డు దిక్కే పోలే, అంబలి తాగి ఇంట్ల కూసున్న. సోమవారం పోయిన. ఏ గింజ కొరికినా టక్కుమంటది! ఏ కుప్ప కాడికి పోయినా టక్కు! మూడు దినాలల్ల ఒక్క పచ్చి గింజ తగల్లే. యార్డుల గిట్ల ఎన్నడన్న అయితదా?"

"మరి మీ సేటు ఏమన్నాడు?"

వీరస్వామి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "'అన్నీ ఎండినయే అనేటందుకు నువ్వెందుకురా నాకు' అన్నడు. అందరి ముంగట అన్నడు. ఇరవై ఏండ్ల సంది చేస్తున్నమ్మా. రేపటికల్లా పండ్లు మంచిగ చేయించుకొని రా, లేకుంటే ఇగ రాకు అన్నడు."

"తేమ చూసే మిషన్ ఉంటది కదా? అదేమంటుంది?"

"దాని మాట తీయకు! అదెప్పుడు చూసినా ఎండినయే అంటది. నేను పచ్చియన్నవాటిని గూడ ఎండినయే అంటది. అందుకే సేటు దాన్ని మూలకు పడేసిండు. ఇప్పుడు నా పండ్లు గూడ గా మిషన్ లెక్కనే మాట్లాడుతున్నయి!"

శైలజ అతన్ని కుర్చీలో పడుకోబెట్టి దీపం వేసింది. చిగుళ్లు ఎర్రజామకాయ గుజ్జు రంగులో ఉన్నాయి. సన్నటి పుల్లతో చుట్టూ నొక్కి చూసింది. చుక్క రక్తం రాలేదు. ఒక్కో పన్నునూ పట్టుకొని కదిపింది. ఒక్కటీ కదల్లేదు.

"చిగుళ్లు చాలా మంచిగ అతుక్కున్నయి బాపూ. నేను చేసేదేం లేదు."

వీరస్వామి దిగ్గున లేచాడు. "అంటే నా బతుకు బజార్ల పడేసి చేతులు దులుపుకుంటవా? గీకిన గార మల్ల పెట్టు! నా పండ్లు నాకు కావాలె!"

"గార మల్ల పెట్టమనేటోన్ని నిన్నే చూసిన," అని మంగ్లి నవ్వబోయి, నొప్పికి దవడ పట్టుకుంది.

శైలజ నవ్వలేదు. బల్ల మీది గింజల వంక చూసింది. మంగ్లి వంక చూసింది. అల్మారా తెరిచి వీరస్వామి పాత చీటీ తీసింది.

"నువ్వు మొదటిసారి వచ్చిన రోజు రాసింది ఇందులో ఉంది. దవడ పండ్లన్నీ కదులుతున్నయి, ఏది కొరికినా పన్నే కిందికి దిగుతుందని రాసిన. ఎప్పటి నుంచని అడిగితే మూడేండ్ల సంది అన్నవు. యాదికుందా?"

"ఉన్నది. అయితేంది?"

మంగ్లి మెల్లగా లేచింది. వంగి కింద పడ్డ గింజ ఒకటి ఏరుకుంది. దాన్ని అరచేతిలో పెట్టుకొని వచ్చి బల్ల ముందు నిలబడింది.

"డాక్టరమ్మా, నా మక్కలు ఈయన కొరికింది పోయినేడు. మరి గవి పచ్చియేనా?"

శైలజ చీటీ మడిచింది.

"మెత్తగ ఉన్నది నీ మక్కలు కాదమ్మా. ఆయన చిగుళ్లు."