ఉల్లంకి పిట్టల ఈల

ఉల్లంకి పిట్టను లెక్కపెట్టడం మాటలు కాదు. బురద రంగు ఒళ్లు, బురదలోనే బతుకు. చలికాలం వలస వచ్చి రెల్లులో నక్కి కూర్చుంటుంది. దాన్ని ఒడ్డు మీదికి రప్పించే ఈల లక్డారం చెరువు చుట్టుపక్కల ఒక్క వీర్రాజుకే వచ్చు.

కాకినాడ సముద్రపొడ్డున చిన్నప్పుడు నేర్చిన విద్య అది. ఫ్యాక్టరీ ఉద్యోగానికి పటాన్‌చెరు వచ్చి, రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఏటా పక్షుల సంఘం తరఫున ఈ చెరువు లెక్క ఆయనదే. ఈల వేస్తే పిట్టలు బయటికి నడిచొస్తాయి. లెక్కపెట్టుకుని వచ్చేస్తాడు. తన ఈల నమ్మిన పిట్టకు ఇన్నేళ్లలో చెరుపు జరగలేదని ఆయన గర్వం.

నిరుడు ముందుపళ్లు ఊడాయి. ఈల కాస్తా ఉత్త గాలైపోయింది. అదృష్టం, అంతకుముందే చంద్రకాంత్ దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టాడు. ఇస్నాపూర్‌లో దాబా అతనిది. లెక్క సాగినన్నాళ్లూ రోజూ తోడొస్తాడు.

"ఇగ నాకు ఎవరు ఫోన్ కొట్టినా మీ ఈలే మోగుతది సార్!"

వీర్రాజు కళ్లు చెమ్మగిల్లాయి. కడుపున పుట్టినవాళ్లకైనా ఉంటుందా ఇంత అభిమానం! పైగా ఆదివారం వస్తే చాలు, దాబా నుంచి కౌజుపిట్టల వేపుడు ఇంటికే తెచ్చిస్తాడు.

ఈసారి పిట్టలు సగమైనా లేవు. రెల్లు మొదట్లో ఈకలు పడి ఉన్నాయి.

"చేపలు పట్టే బాలప్ప పనే సార్. వల ఉన్నోడు ఇంకెవడున్నడు?" అన్నాడు చంద్రకాంత్.

వీర్రాజుకు ఒళ్లు మండింది. చేపల సంఘానికి చెప్పి బాలప్ప పుట్టి పడవను చెరువులో దిగకుండా ఒడ్డెక్కించాడు.

"పిట్టను ముట్టుంటే నా చేతులు పడిపోను! మీ కాల్మొక్త సారూ, పొట్ట మీద కొట్టకుండ్రి," అని మొత్తుకున్నాడు బాలప్ప.

"అన్నం పెట్టిన చెరువురా ఇది! తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

అయినా ఈకలు పడుతూనే ఉన్నాయి. ఇక లాభం లేదని ఓ తెల్లవారుజామున వీర్రాజు ఒక్కడే వెళ్లి గట్టు చాటున కూర్చున్నాడు. మంచు కాస్త విడేసరికి రెల్లు అంచున సన్నటి వల కనిపించింది. దాని వెనక ఎవడో దుప్పటి ముసుగేసుకుని ఉన్నాడు.

"దొరికావురా బాలప్పా!" ఉన్న పళ్లు పటపటా కొరికాడు.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నమ్మకమైన మనిషి పక్కనుండాలి. జేబులోంచి ఫోన్ తీసి చంద్రకాంత్‌కు కొట్టాడు.

వల వెనక, ముసుగులోంచి వీర్రాజు ఈల మోగింది. దాన్ని నమ్మి పిట్టలు అటే నడిచాయి.